నూకరత్నం గాజు పచ్చబడిన రోజు

"నూకరత్నం గారూ, మీరు వంటింటికి పదడుగుల దూరంలో ఉన్నారు. దయచేసి వెనక్కి తగ్గండి" అంది కావలితలుపు.

"మంచినీళ్లకే తల్లీ!"

"మంచినీళ్లు మీ ఆయన తెస్తారు."

తెచ్చాడు. నడుముకి తువ్వాలు, చేతిలో గరిటె, మీసం మీద పసుపు. గ్లాసు ఆమె చేతికిచ్చేలోగా లోపల కుక్కరు కూసింది. "ఒకటోసారి!" అని కేకేసి సన్యాసిరావు లోపలికి పరిగెత్తాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్ఫయ్యయిదేళ్లు వేలం పాడిన గొంతది. మూడో కూతకి "మూడోసారి! కొట్టేశాం!" అని పొయ్యి కట్టేస్తాడు. ఆ కేకకి పక్కింటివాళ్లు కూడా తమ పొయ్యి కట్టేస్తారు.

అది 2081. నూకరత్నం చేతికి లోవాపుగాజు పడి తొమ్మిది నెలలైంది. తొడిగిన రోజు నర్సమ్మ విడమరిచి చెప్పింది: "నడుం చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదమ్మా. రోజంతా రక్తంలోకి దొంగ ఫిర్యాదులు పంపుతుంది. శత్రువులొచ్చారనుకుని ఒళ్లు లోపల్లోపల యుద్ధం చేస్తూనే ఉంటుంది. అదే లోవాపు. బరువు తగ్గితే ఫిర్యాదులూ తగ్గుతాయి. ఎరుపంటే యుద్ధం, నారింజ అంటే రాయబారం, పచ్చంటే శాంతి."

పచ్చబడేదాకా సర్కారు రూలు ఒక్కటే. పొయ్యి దగ్గర నిలబడకూడదు, సాయంత్రం రెండు గంటలు శారదా నది గట్టు మీద నడవాలి. వంట ఇంట్లో ఇంకెవరైనా చేసుకోవాలి.

సన్యాసిరావు చేసిన మొదటి ఇడ్లీ జారిపడి గచ్చు బీటలిచ్చింది. వచ్చినవాళ్లకి ఆ బీట ఇప్పటికీ చూపిస్తాడు. ఆయన తొలి సాంబారు వాసనకి పెరట్లో కాకి సంసారంతో సహా కశింకోట వెళ్లిపోయింది. నాలుగో నెలకి తిరిగొచ్చింది. ఇప్పుడు చుట్టాల్ని కూడా తెస్తోంది.

ఆ సాయంత్రం గట్టు మీద నూకరత్నం గాజు చూసుకుని నిట్టూర్చింది. నారింజ బాగా పలచబడిపోయింది.

"ఏటొదినా, ఇంకెంతుంది?" అంది రోజూ తోడు నడిచే దేముడమ్మ, స్టీలు బాక్సులో గుత్తొంకాయ కూర వేలితో తుడుచుకుంటూ. బాక్సు నూకరత్నానిది. సన్యాసిరావు రోజూ కట్టిస్తాడు. దేముడమ్మ మొగుడు మంచినీళ్లు కూడా మాడ్చగల మనిషి కావటంతో, మొదటి వారం నుంచీ బాక్సంతా ఆవిడే తినేస్తోంది.

"అరపాయింటు. అది కూడా తగ్గితే అయిపోయినట్టే. మళ్లీ పొయ్యి, మళ్లీ గిన్నెలు. ఈ గట్టుండదు, నువ్వుండవు."

"నా గాజు చూడు, ఎంత చక్కగా ఎర్రగుందో! ఇంత నడిచినా చెక్కు చెదరలేదు. నీకే ఎందుకొచ్చిందో ఈ ఖర్మ."

నూకరత్నానికి బరువు తగ్గటం మీద కోపమేం లేదు. పదకొండు కిలోలు పోయాయి. ఒకప్పుడు ఆమె లేస్తే మోకాళ్లు కిర్రుమనేవి, ఎవరో వచ్చారనుకుని వీధిలో కుక్క మొరిగేది. ఇప్పుడు ఆ కుక్కకి పని లేదు. కానీ పెళ్లయ్యాక సాయంత్రం పూట నది చూడటం ఈ తొమ్మిది నెలలే.

"జిలేబీలు తిను" అంది దేముడమ్మ. "ఎర్రబడి చావకేం చేస్తుంది?"

డజను తెప్పించారు. నూకరత్నం మందు మింగినట్టు మింగింది. గాజు కాసేపు ఆలోచించింది. నెలల తరబడి చల్లబడిన రక్తం ఒక్క పూట జిలేబీలకి లొంగలేదు. గాజు తళుక్కున పచ్చబడి సన్నాయి పాడింది.

గట్టు మీద పదిహేడు మంది ఆడవాళ్లు వరసగా వచ్చి పరామర్శించారు. ఒకావిడ "మొన్ననే చూశాను, శుభ్రంగా ఎర్రగా ఉంది" అని కళ్లొత్తుకుంది.

ఇంటికెళ్లేసరికి కావలితలుపు బార్లా తెరుచుకుంది. "అభినందనలు నూకరత్నం గారూ! మీ వంటిల్లు మళ్లీ మీదే, మీ నడక సెలవు రద్దు!"

లోపల సన్యాసిరావు గరిటె పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. గాజు చూసి మొహం పాలిపోయింది.

"పచ్చబడిందా? ఎలా పచ్చబడింది? నేను వారానికి కిలో నెయ్యి పోశాను కదే నీ బాక్సులో!"

"నెయ్యా? ఎందుకూ?"

"ఎర్రగా ఉంటావని." ఆయన గరిటె గుండెకి హత్తుకున్నాడు. "రత్నం, ముప్ఫయ్యయిదేళ్లు పక్కోళ్ల బెల్లం పొగిడాను. నా చేత్తో చేసింది బాగుందని జనం అంటుంటే ఇదే వినటం. ఇది లాక్కోకే."

"దొంగచచ్చినోడా! నా రక్తంతో ఆడుకున్నావా?" అని ఆమె గరిటె లాక్కుంది. రెండు నిమిషాలు దాన్నే చూసింది. తర్వాత తిరిగి ఆయన చేతిలో పెట్టింది. "బాక్సంతా దేముడమ్మ తింది. పాపం, అందుకే దాని గాజు కదల్లేదు. ఇకమీద నెయ్యి చెంచాడే. దాని మొగుణ్ణి రేపట్నించి పంపిస్తాను, నేర్పు."

"మరి నువ్వు?"

"నేను గట్టుకి పోతాను. ఏ సెలవూ అక్కర్లేదు."

ఇద్దరూ బాగానే ఉన్నారు. తలుపుకే ఏమీ అర్థం కాలేదు. గంటసేపు చూసి మోగింది. "పచ్చగాజు గల స్త్రీ వంటింట్లో అడుగు పెట్టలేదు. తీవ్ర అనారోగ్య లక్షణం. అంబులెన్సు బయల్దేరింది."

పది నిమిషాల్లో ఇద్దరు కుర్రాళ్లు స్ట్రెచరుతో దిగారు. నాడి చూశారు, బాగుంది. లోవాపు చూశారు, లేదు. మోకాళ్లు తట్టారు, చప్పుడు లేదు.

"మరి వంటింట్లోకి ఎందుకెళ్లట్లేదమ్మా?"

"అడుగు పెట్టనివ్వట్లేదు బాబూ" అంది నూకరత్నం, కాళ్లు చాపుకుంటూ.

లోపల కుక్కరు కూసింది. "మూడోసారి! కొట్టేశాం! ఆ స్ట్రెచరు అరుగు మీద పడేసి చేతులు కడుక్కోండి నాయనా!"

కుర్రాళ్లు రెండోసారి పప్పు అడిగి వడ్డించుకుని, రిపోర్టు రాసుకుని వెళ్లారు: "జబ్బు అంతుబట్టలేదు. రేపు కూడా ఇదే వేళకి వచ్చి పరీక్షించాలి."