ఉప్పుమడిలో చక్రం గాడి

"ట్రింగ్! ట్రింగ్! తప్పుకోండి!"

మోగింది బెల్లు కాదు, అప్పలసూరి నోరు. వాడి సైకిలుకి బెల్లు లేదు.

మిట్టమధ్యాహ్నం. ఎర్రకంకర రోడ్డు మీద మూడు సైకిళ్ళు పోతున్నాయి. ముందు అప్పలసూరి. వెనక గంగులు. ఆ వెనక తాయారు. లంగా కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, నాన్న సైకిలు తొక్కుతోంది. పక్కనే పట్టాల మీద చిన్నబండి పొగలు కక్కుతూ ఆయాసపడుతోంది.

ఇంజనులోంచి బొగ్గుమసి పూసుకున్న మొహం ఒకటి బయటికొచ్చింది.

"ఒరే! అలిసిపోతారు, ఎక్కండి!"

"వద్దు మావా! మాకు తొందరున్నాది!" అన్నాడు గంగులు.

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. చిన్నబండి వెనకబడిపోయింది.

అది డ్రిల్లు మాస్టారు జగన్నాధంగారు పెట్టిన పందెం. టెక్కలి నుంచి నౌపడ మీదుగా సముద్రం ఒడ్డుకి. జట్టుకి ముగ్గురేసి. ఆఖరివాడు చేరితేనే జట్టు చేరినట్టు. గెలిచిన జట్టుకి మూడు కొత్త బెల్లులు. మాస్టారు వాటిని క్లాసులో మోగించి చూపించారు. ఆ మోత ఇంకా అప్పలసూరి చెవిలోనే ఉంది.

నౌపడ దాటాక తాయారు సైకిలు చైను ఊడింది. గంగులు చైను ఎక్కించేలోపు వెనక దుమ్ము లేచింది.

"లక్ష్ముడి జట్టు! వచ్చేస్తన్నారు!"

ఎదురుగా ఉప్పుమడులు. రోడ్డు వాటి గట్టు పట్టుకుని పెద్ద చుట్టు తిరుగుతుంది. మడిలో నీరు లేదు, ఉప్పు లేదు. పలకలా నున్నగా మెరుస్తోంది. అడ్డంగా పోతే అవతలి గట్టు ఇంతలో వస్తుంది.

"మడిలోంచి పోదాం," అన్నాడు అప్పలసూరి.

"వద్దురా! అందులోకి సెప్పులతో కూడా దిగనివ్వరు!" తాయారు గట్టిగా అరిచింది.

"ఉత్త మట్టే కదా. ఏటవుతాది?"

అప్పలసూరికి కాళ్ళలో బలం ఉంది. చెవులే లేవు. దిగిపోయాడు. మిగిలిన ఇద్దరూ గట్టు మీదే పోయారు.

సగం దాకా సైకిలు జారుకుంటూ పోయింది. తర్వాత ముందు చక్రం కసుక్కున దిగబడింది. పైన పొడి, కింద తడి. వాడు దిగి, సైకిలు ఈడ్చుకుంటూ అవతలి గట్టెక్కాడు. వెనక్కి చూశాడు. నున్నటి మడి నడిమధ్య నల్లటి గాడి.

"ఒరే! ఆగక్కడ!"

పక్కమడిలో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వరసగా నిలబడి నేల తొక్కుతున్నారు. వాళ్ళలోంచి బుల్లమ్మ అనే ఆవిడ వచ్చింది.

"సివరాత్రి నుంచి కాళ్ళు అరిగేలా తొక్కి గట్టిపరిసిన మడిరా ఇది! రేపు నీరు పెట్టాలి. ఈ గాడిలోంచి బురద లేస్తాది. ఉప్పు నల్లబడతాది. నల్లుప్పు నువ్వు తింటావేటి?"

"తెలీక..."

"ఆ పిల్ల సెప్పినాది. ఆ పక్కమడిలో నాకే వినబడ్డాది, నీకు వినబడలేదేటి? పో. పందెం కదా. పో."

బుల్లమ్మ వెనక్కి తిరిగిపోయింది. అవతలి మలుపులో గంగులూ తాయారూ ఆగి ఉన్నారు. ఎక్కి తొక్కితే చాలు.

అప్పుడే లక్ష్ముడి గొంతు వినిపించింది.

"ఇదిగో దారి! సూరిగాడు ఇటే పోయాడు! దిగండిరా!"

ఒక్క గాడి. దాన్ని చూసి ఇంకో మూడు.

అప్పలసూరి సైకిలు పడేశాడు. చెప్పులు విప్పి గట్టు వెంట పరిగెత్తాడు. "ట్రింగ్! ట్రింగ్! దారి కాదు! దిగొద్దు!" ఆ కేకకి వాళ్ళు గట్టు అంచున ఆగారు. వాడు చేరి, చేతులు చాపి వాళ్ళకి అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు దాటేసి మమ్మల్ని ఆపుతావేటి?" లక్ష్ముడు కళ్ళెర్రజేశాడు.

"నాను రావట్లేదు. ఈ గాడి పూడ్చాల. మీరు గట్టు మీద ఎల్లండి." వేలితో గాడిని చూపించాడు. "బెల్లులు మీకే."

లక్ష్ముడు వాడి మొహం చూశాడు. సైకిలు గట్టు మీదికి తిప్పాడు.

అప్పలసూరి మడిలోకి దిగి, చేత్తో మట్టి తోసి, తొక్కడం మొదలెట్టాడు.

"మడమతో కాదురా, ఎద్దులా! పాదమంతా వెయ్యి!" బుల్లమ్మ వచ్చి పక్కన నిలబడింది.

గంగులు చిందులేస్తూ వచ్చాడు, వెనకే తాయారు. "బెల్లు పోగొట్టావు కదరా గాడిదా!" తిడుతూనే దిగాడు. దిగీ దిగగానే కాలు జారి వెల్లకిలా పడ్డాడు. తాయారు పకపకా నవ్వింది. నవ్వుతూ తనూ జారింది. పక్కమడి ఆడవాళ్ళు పాట అందుకున్నారు. పాటకి సరిగ్గా ఆరు చిన్న పాదాలు ధప్ ధప్ మని పడ్డాయి.

పని అయ్యాక బుల్లమ్మ వంగి చేత్తో తడిమి చూసింది.

"మీ తొక్కుడు ఏం తొక్కుడు! మళ్ళీ మేమే సరిసేసుకోవాల." అంటూనే కుండలోంచి ముగ్గురికీ అంబలి పోసింది.

ముగ్గురూ అందరికన్నా ఆఖరున సముద్రం చేరారు. లక్ష్ముడి జట్టు అప్పటికే బెల్లులు బిగించుకుని ఒడ్డంతా మోగిస్తోంది.

"ఏరా, దారి తప్పారా?" అన్నారు మాస్టారు.

"అందరం కాదండి. నాను తప్పాను," అన్నాడు అప్పలసూరి.

తిరుగు ప్రయాణంలో వాడు అందరికన్నా ముందు తొక్కాడు. ఉప్పుమడి మలుపులో దిగి, మధ్యాహ్నం తను దిగిన చోట తుమ్మకంప అడ్డం వేశాడు. దాని పక్కనే నిలబడి, నోటికి చేతులు పెట్టి అరిచాడు.

"ట్రింగ్! ట్రింగ్! అందరూ గట్టు మీదే రండి!"

సైకిళ్ళన్నీ గట్టు మీదే వరసగా సాగాయి.

దూరంగా మడిలోంచి ఒక ఆడగొంతు జవాబిచ్చింది.

"ట్రింగ్! ట్రింగ్!"

బుల్లమ్మే.