ఎంగిలి జామపండు

పర్ణశాల దారి దాటి అడవి మొదలయ్యే చోట ఇనుప జాలీ కట్టిన పొడుగాటి షెడ్డు ఒకటి ఉంది. అందులో పన్నెండు గబ్బిలాలు నల్లటి గుడ్డపేలికల్లాగా తలకిందులుగా వేలాడుతుండేవి. వాటికి మేత వేసేది కోటేష్. పొద్దుగూకే వేళకు అరటిపండ్లు, బొప్పాయి ముక్కలు కోసి పెట్టాలి. తెల్లారినాక మిగిలిన ఎంగిలంతా ఊడ్చి, గుంతలో వేసి కాల్చాలి. అంతే పని.

పరిశోధన చేసే కళ్యాణి మేడం మొదట్లోనే ఆ గబ్బిలాలకు సూదితో ఒక జబ్బు ఎక్కించింది. అప్పటి నుంచి రోజూ ఒక్కోదాని గొంతులో దూది పుల్ల తిప్పి, సీసాలో వేసుకొని పోయేది.

"మేడం, సూది పని చేయలేదేమో? ఒక్కటన్న దగ్గుతలేదు" అన్నాడు కోటేష్ ఒకనాడు నవ్వుతూ.

"పనిచేసింది కోటేష్. జబ్బు వాటిల్లో కాపురం పెట్టింది. వాటికేం కాదు. కానీ వాటి ఎంగిల్లో, ఉచ్చలో బయటికి వస్తనే ఉంటది. కష్టమంతా తాకినోళ్ళకే. చేతులకు గ్లౌజులు మర్చిపోకు."

మిగతా మాటలు గాలికి పోయాయి గాని, కాపురం అన్న మాట కోటేష్ చెవిలో నిలిచిపోయింది. అతనికి ఏ మాట విన్నా గోరే గుర్తొచ్చేది.

గోరి, పక్కనున్న లంబాడీ తండాలో ఉండే ముసలి సోమ్లికి ఒక్కగానొక్క బిడ్డ. మిర్చి ఏరుడు కాగానే ఇద్దరికీ పెళ్ళి అనుకున్నారు. గోరి ముందుపన్ను ఒకటి కొస విరిగి ఉండేది. ఆమె నవ్వితే ఆ సందులోంచి వెన్నెల జారినట్టు ఉండేది కోటేష్‌కు. ఆమె ఏ పండు కొరికినా, కొరికిన చోట నడుమ సన్నటి గీత ఒకటి లేచి నిలబడేది.

షెడ్డు పక్కనే జామచెట్టు ఉంది. గాలికి ఒక కొమ్మ ఒరిగి జాలీకి ఆనుకుంది. ఒకనాటి పొద్దున ఆ కొమ్మకు ఒక చెంప కొరికిన పండు ఒకటి కనబడింది. చిలక కొట్టిన పండు! దానికన్నా తీపి లోకంలో ఉంటుందా? కోటేష్ దాన్ని తుంపి, జేబులో దాచి, తండా దారిలో గోరి చేతిలో పెట్టాడు.

"కొని తెచ్చే మొఖం లేదు గని, చిలక ఎంగిలి తెచ్చినవా?" అని ఎక్కిరించింది.

"చిలక ఎంగిలి, నీ ఎంగిలి, నా ఎంగిలి... మూడు కలిస్తే తేనె."

"సిగ్గులేనోడా!" అంటూనే కొరికింది. ఆమె కొరికిన చోటే అతనూ కొరికాడు.

మర్నాడు ఊడుస్తుంటే జాలీ లోపలి వైపు, సరిగ్గా ఆ కొమ్మ ఆనిన చోట, జామగింజలు అంటుకొని ఉన్నాయి. చిలక జాలీ లోపలికి ఎట్లా వస్తుంది? ఆ పండు కొరికింది చిలక కాదు, గబ్బిలం. చెబితే కొలువు పోతుంది. కొలువు పోతే పెళ్ళి ఆగుతుంది. ఏం కాదులే అనుకొని, గుర్తున్న దేవుళ్ళందరికీ మొక్కి ఊరుకున్నాడు.

పన్నెండో నాడు గోరికి జ్వరం వచ్చింది. ఖమ్మం దవాఖానాలో మూడు రోజులు, 'యాడీ' అని పిలిచే తల్లిని కూడా గుర్తుపట్టలేదు. నాలుగో రోజు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చారు. మొఖం కూడా చూడనియ్యలేదు.

అప్పుడు కోటేష్ అంతా చెప్పేశాడు. తనకూ జ్వరం రావాలని ఎదురుచూశాడు. రాలేదు. మేడం రోజూ అతని గొంతులో పుల్ల తిప్పింది. పది రోజులు, ఇరవై, నలభై.

"ఏమొచ్చింది మేడం?"

ఆమె చూపు తిప్పుకుంది. "నీకేం కాదు కోటేష్." పుల్లను సీసాలో వేసి మూత బిగించింది. "కానీ నీ ఎంగిల్లో వస్తనే ఉంది."

అతను చెప్పిన నాడే షెడ్డును ఆనుకొని ఉన్న గదిలో పెట్టి తాళం వేశారు. గబ్బిలాలకూ అతనికీ నడుమ ఒకటే గోడ. అతను తిన్న విస్తరాకు కూడా కాల్చేవారు. జామచెట్టును మొదలంటా నరికేశారు.

సోమ్లి మాత్రం రోజూ పొద్దున వచ్చి, దూరంగా కంచె తీగ అవతల నిలబడేది. "తిట్టుకుందామన్నా నువ్వొక్కనివే మిగిలినవ్ బిడ్డా. తిన్నవా?" అనేది. కోటేష్‌కు ఇక మిగిలిన కోరిక ఒక్కటే. ఈ జబ్బు తనతోనే ఆ గదిలో పోవాలి. ఆ ముసలమ్మ బతకాలి.

ఆ రోజు పొద్దుగూకింది. రోజూ ఆ వేళకు గోడ అవతల రెక్కల చప్పుడు మొదలయ్యేది. ఆ రోజు లేదు. అడవిలో కీచురాళ్ళు కూడా నోరు మూసుకున్నాయి. మందునీళ్ళ వాసన మీదుగా, మెల్లగా, ఇంకో వాసన వచ్చింది.

మాగిన జామపండు వాసన.

చెట్టు లేదు గదా...

కిటికీ చువ్వల మీద ఏదో గీరింది. పైనుంచి కిందికి. కోటేష్ తలెత్తాడు. కిటికీ పైఅంచు నుంచి పొడుగాటి జడ వేలాడుతోంది. దాని వెనక నుదురు... కళ్ళు... తలకిందులుగా.

"కోటేషూ..."

గొంతు గోరిదే.

"ఆకలైతుంది..." చువ్వల నడుమ నుంచి చెయ్యి లోపలికి వచ్చింది. అరచేతిలో జామపండు. "కొరికియ్యి."

"వద్దు గోరీ. నా ఎంగిలి విషం."

"సచ్చినదాన్ని. నాకేం రోగమొస్తది?"

నిజమే గదా. సచ్చినోళ్ళకు రోగమేంది? నలభై రోజులుగా గ్లౌజులు లేని చెయ్యి అతన్ని తాకలేదు. కోటేష్ పండు అందుకున్నాడు. కొరికాడు. తేనె. తిరిగి ఇస్తుంటే ఆమె వేళ్ళు తగిలాయి. తడిగా... చల్లగా...

పళ్ళు దిగిన చప్పుడు. చిన్న నవ్వు. తరువాత చీకటి ఒక్కటే ఉంది. గోడ అవతల పన్నెండూ ఒక్కసారే కీచుమన్నాయి.

తెల్లారింది. సోమ్లి కంచె తీగ దగ్గర నిలబడి ఉంది. ఎన్నడూ లేనిది ఆమె మొఖం మీద నవ్వు. ఏదో నములుతోంది.

"అత్తా... ఏం తింటున్నవ్?"

"రాత్రి గోరి వచ్చింది బిడ్డా. తలుపు కొట్టింది. 'కోటేష్ ఇచ్చిండు, ఇంటికొకటి పంచు యాడీ' అన్నది. తండంతా పంచొచ్చిన. గివి మిగిలినయ్."

సోమ్లి కొంగు విప్పింది. ఏడు జామపండ్లు. ఒక్కొక్కదానికి రెండు గాట్లు. ఒకటి కోటేష్‌ది. దాని పక్కనే, నడుమ సన్నటి గీత నిలిచిన గాటు.

రాత్రి కోటేష్ కొరికింది ఒక్క పండునే.