తడి ఫ్లాస్కు

అన్యాయం జరిగింది ఎవరికి? కళాశాల రసాయనశాలలో మూడో బెంచీ దగ్గర నిలబడే అమ్మాయికి. ఎలా జరిగింది? నాలుగో బెంచీ కుర్రవాడు చేసిన సేవ వల్ల. సేవ అన్నది అతని మాట.

ఆనాటి పని ఆస్పిరిన్ తయారీ. ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్ నుంచి ఎసిటైల్ అనే చిన్న తునకను తీసి సాలిసిలిక్ ఆమ్లానికి అతికిస్తే ఆస్పిరిన్ అవుతుంది. అయితే ఈ ఆన్‌హైడ్రైడ్‌కు నీళ్లంటే ప్రాణం. కాస్త తడి కనబడితే చాలు, వచ్చిన పని మరిచిపోయి నీళ్లతో కలిసి ఉత్త పులుపుగా మిగిలిపోతుంది. ఎదుట ఇష్టమైనవారు కనబడితే మతి పోగొట్టుకోవడంలో దానికీ నాలుగో బెంచీకీ పెద్ద తేడా లేదు.

అమ్మాయికి ఈ సంగతి తెలుసు. అందుకే పొద్దున్నే ఫ్లాస్కును ఓవెన్‌లో ఆరబెట్టి, బెంచీ మీద బోర్లించి, తూకాల గదికి వెళ్లింది. గాజు మీది తెల్లటి మరక ఒకటి కుర్రవాడి కంటబడింది. ఏడాదిగా ఆమెతో మాట కలపలేక గుటకలు మింగుతున్నవాడు, మాటకు బదులు పని చేసిపెడదామనుకున్నాడు. ఫ్లాస్కును శుభ్రంగా కడిగి, పైపైన చేతిరుమాలుతో తళతళలాడేలా తుడిచి, ఉన్నచోటే బోర్లించాడు. లోపలి తడి సంగతి అతని బుర్రకు తట్టలేదు. తానే ఆరబెట్టిన ఫ్లాస్కు కనుక ఆమె మళ్లీ చూసుకోలేదు.

చివరికి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయగానే ఆమె స్ఫటికాలు వంకాయ రంగుకు తిరిగాయి. అంటే ఆమ్లం చాలావరకు మారనేలేదు. అక్కడి అధ్యాపకురాలు ఆమెకు స్వయానా మేనత్త, చిన్ననాటి నుంచి పెంచిన మనిషి. సొంత పిల్ల కనుక మరింత కఠినంగా, రికార్డులో ఎర్ర సిరాతో ‘అశ్రద్ధ’ అని రాసి, ఇరవైకి సున్నా వేసింది. జరిగిందేమిటో కుర్రవాడికి అప్పుడు అర్థమైంది. నోరు తెరిచాడు. మూసుకున్నాడు. ఫ్లాస్కు కడగడం పొరపాటు. నోరు మూసుకోవడం నేరం.

ఆరేళ్ల తర్వాత అతను ఒక మందుల కర్మాగారంలో చేరాడు. వారం తిరక్కుండానే అతని మొదటి ఆస్పిరిన్ బ్యాచ్ నాణ్యత విభాగం నుంచి తిరిగి వచ్చింది. అక్కడ ఓవెన్ మేడమ్ అనే ఒకావిడ ఉందనీ, గాజుసామాను ఏదైనా రెండుసార్లు ఆరబెడితే గాని ముట్టుకోదనీ విన్నాడు. బ్యాచ్ తిరిగొచ్చిన కారణం అడగబోయి ఆమె గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

“నాలుగో బెంచీ కదూ మీరు,” అంది ఆమె, తల పూర్తిగా ఎత్తకుండానే. “మూడేళ్లలో నాతో మూడు మాటలు మాట్లాడారు. అందులో రెండు ‘సారీ’లు.”

“మూడోది?”

“‘అగ్గిపెట్టె.’” వంకాయ రంగు తిరిగిన పరీక్షనాళికను అతని ముందు పెట్టింది. “మీ పౌడర్ మీకన్నా ఎక్కువ సిగ్గుపడుతోంది.”

తప్పు ఎక్కడుందో ఇద్దరూ కలిసి వెతకసాగారు. అతను అక్కర్లేని నమూనాలు కూడా స్వయంగా మోసుకొస్తుంటే, వీటికి కాళ్లు ఎప్పుడొచ్చాయని ఆమె అడిగేది. ఒక సాయంత్రం వానలో ఎదురొచ్చి గొడుగు ఇవ్వబోతే, ముందు దాన్ని ఆరబెట్టుకు రమ్మని నవ్వింది. ఆ నవ్వు చూసినప్పుడల్లా అతనికి ఆనాటి ఫ్లాస్కు గుర్తొచ్చేది. చెబితే ఈ నవ్వు పోతుంది. చెప్పకపోతే ఈ నవ్వుకు తను తగడు.

వెతుకులాట నాలుగో రోజున, మందు తయారయ్యే పెద్ద పాత్రను, అంటే రియాక్టర్‌ను నడిపే పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. కొత్త ఆఫీసర్ వస్తున్నాడని మర్యాదకు రియాక్టర్‌ను లోపలంతా కడిగించాననీ, ఆరిందో లేదో చూడలేదనీ, తప్పు తనదేననీ చెప్పాడు. ఆమె ఆయనకు కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి పంపింది.

“ఆయన చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మచ్చ మీ పేరు మీదే ఉండేది,” అంది. తన కథ కూడా చెప్పింది. ఇంట్లో పాలు పొంగినా అత్తయ్య ఆ ఎర్ర సిరా మాటే అంటుందట. “తప్పెక్కడ చేశానో ఇప్పటికీ తెలీదు. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. అందుకే రెండుసార్లు ఆరబెడతాను.”

“ఆ రోజు మీ ఫ్లాస్కు నేను కడిగాను,” అన్నాడు అతను.

ఆమె కలం మూత పెట్టింది. “ఎందుకు?”

“మీకు నచ్చుతుందని.”

“మరి ఆరేళ్లు ఎందుకు చెప్పలేదు?”

“మీకు నచ్చదని.”

ఆమె నవ్వలేదు. “నాకు చెబితే చాలదు. రాసినావిడకి చెప్పండి. మీతో మాట్లాడాలో వద్దో ఆ తర్వాత చూస్తాను.”

మేనత్త పదవీ విరమణ చేసినా పద్ధతి విరమించలేదు. అతన్ని నిలబెట్టే విన్నది. ఆడపిల్ల మెప్పు కోసం అబద్ధం చెప్పేవాళ్లను చాలామందిని చూశానని, మాట వద్దు, రుజువు కావాలని అంది. ఆ శనివారం ముగ్గురూ పాత రసాయనశాలకు వెళ్లారు. ఒక ఫ్లాస్కును మేనకోడలు ఆరబెట్టింది. రెండోదాన్ని అతను ఆనాటిలాగే కడిగి, పైపైన తుడిచాడు. చేతిరుమాలుతోనే తుడవాలని మేనత్త పట్టుబట్టింది.

రెండింటిలోనూ ఆస్పిరిన్ తయారుచేశాక ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు పడ్డాయి. అతని నాళిక వంకాయ రంగు. ఆమెది ఆ చుక్కకు సహజంగా ఉండే లేత పసుపే.

మేనత్త రెండు నాళికలనూ వెలుతురుకు ఎత్తి చూసింది. సంచిలోంచి, ఇంటి నుంచి తెచ్చిన మేనకోడలి పాత రికార్డు తీసి, ఎర్ర మాటను అడ్డంగా కొట్టేసి, సున్నా పక్కన ఇరవైకి ఇరవై వేసి, కింద రాసింది: ‘విచారించకుండా రాశాను. అశ్రద్ధ నాది.’ సంతకం చేసి, తేదీ వేసింది.

“ఆరేళ్లుగా నీకు బాకీ ఉన్నానే అమ్మాయీ,” అంది. ఆ గొంతు అలా తగ్గడం ఇద్దరూ ఎన్నడూ వినలేదు. తర్వాత కలాన్ని అతని చేతికిచ్చింది. “నువ్వూ పెట్టు సంతకం. నీ వంతూ తీర్చుకో.”

అతను పెట్టాడు.

“ఇతనికెన్ని మార్కులు అత్తయ్యా?”

“కడగడం వచ్చు. ఆరబెట్టడం రాదు. అది నువ్వు నేర్పుకో, నీకిష్టమైతే.”

“ఇష్టమే,” అంది ఆమె, అతని వంక చూడకుండా. “కాస్త మొద్దు. టైం పడుతుంది.”

వెళ్లేముందు ఆమె రెండు ఫ్లాస్కులనూ కడిగి ఓవెన్‌లో పెట్టింది. అవి ఆరాక తీసి, చేతిలో తిప్పి చూసుకుంది. అతను అలవాటు ఎరిగినవాడిలా ఓవెన్ తలుపు మళ్లీ తెరిచి పట్టుకున్నాడు.

“అక్కర్లేదు, మూసెయ్యి,” అంది ఆమె. “ఆరింది.”