చింతదుంగ మీద వంగిన రేకు

"మూడడుగుల గరిటె కావాల," అన్నాడతను గుమ్మంలోంచే.

సాయిరా చేతిలోని ఉలి ఆగింది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, ఫోర్కులు చేసే ఇళ్ళు కొన్ని ఉన్నా, ఇలాంటి గిరాకీ మాత్రం ఇంతవరకూ ఏ ఇంటికీ వచ్చి ఉండదు.

"ఎందుకు? ఆత్మకూరు మొత్తానికీ బిర్యానీ వడ్డిస్తావా?"

"నాది ఆత్మకూరని నీకెవరు చెప్పినారు?"

"చేతిలో ఉండే బట్టలకొట్టు సంచీ మీద అంతలేసి అక్షరాలతో రాసుండాది గదా."

అతను సంచీని వెనక్కి దాచుకునేలోగా సాయిరా తండ్రి బర్కతుల్లా బయటికొచ్చాడు. వచ్చినతను వంగి సలాం చేసి, సంచీలోంచి పెద్ద కాగితం తీసి నేలమీద పరిచాడు. దానిమీద పెన్సిలుతో గీసిన పొడవాటి వంపు ఒకటుంది.

"నా పేరు యూనుస్, చాచా. టింకరింగ్ చేస్తాను. రిటైరైన ఇంజనీరు జనార్దనయ్యగారు మద్రాసు నుంచి పాత స్పోర్ట్స్ కారు తెప్పించినారు. రెండే సీట్లు, టాపు లేదు. దాని బానెట్ తుప్పు తినేసింది. ఎంత వెతికినా ఆ మోడల్‌ది దొరకలా. వేరే మోడల్‌ది దొరికింది. అది నాలుగు వేళ్ళంత వెడల్పెక్కువ."

"అయితే బానెట్ కోసెయ్యి," అంది సాయిరా.

"అమ్మో! దానిమీద గీత పడగూడదన్నారు. బాడీనే మార్చాల. రెండు పక్కలా మడ్‌గార్డుల అంచులు కోసి, బానెట్ వంపుకు తగినట్టు కొత్త రేకు అతికించాల. ఆ రేకును కొట్టి వంచేదానికి చెక్క అచ్చు కావాల. గరిటె కడుపు మాదిరి వంపు. మీ ఊరోళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదది."

ఆ చివరి మాట సాయిరాకు నచ్చింది. నచ్చినట్టు కనిపించకుండా కాగితం అందుకుంది.

"నా చూపు ఆనడం లేదు," అన్నాడు బర్కతుల్లా. "మూడేళ్ళుగా నా పేరుతో పోయే పెద్ద పనులన్నీ మా అమ్మాయివే. బయట చెప్పలేదంతే."

యూనుస్ ఆమె వేళ్ళవైపు చూశాడు. ఉలి పట్టి కాయలు కాసిన వేళ్ళు. "నాకూ ఉస్తాద్ లేకుండా పట్టిన మొదటి పని ఇదే," అన్నాడు నెమ్మదిగా. "నెలాఖరుకి కుదరకపోతే బండిని మద్రాసుకు పంపేస్తారంట."

తొంభైనాలుగు ఆగస్టులో అక్కడ అరుదుగా పడే వానలు ఆ ఏడు రెండుసార్లు పడ్డాయి. రెండుసార్లూ యూనుస్ సాయిరా ఇంటి చూరు కిందే ఉన్నాడు.

"అచ్చు చూసేదానికి వచ్చినావా, నన్ను చూసేదానికా?"

"అచ్చునే. దానికి అడ్డంగా నువ్వు కూర్చోనుంటే నేనేం చేసేది?"

ఆమె చిన్న చెక్కపేడు అతని మీదికి విసిరింది. అతను దాన్ని పారేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

బాగా ఆరిన చింతదుంగలతో కుడికొకటి, ఎడమకొకటి అచ్చులు తయారయ్యాయి. అవి ఆత్మకూరు చేరిన పదో రోజున తండ్రీకూతుళ్ళు కారు చూడ్డానికి వెళ్ళారు.

బస్టాండు వెనక షెడ్డులో ఎర్రటి కారు నిలబడి ఉంది. బానెట్ మాత్రం మూతపడలేదు. కుడివైపు అంచు మడ్‌గార్డును కొరుకుతోంది. ఎడమవైపు వేలు పట్టేంత సందు. చుట్టూ లారీ డ్రైవర్లు. జనార్దనయ్య మొహం గంటుపెట్టుకుని ఉన్నాడు.

యూనుస్ సాయిరాను చూశాడు. భయంలో నోరు జారాడు. "అచ్చులు వంకర పోయినాయి, సార్. పచ్చికర్ర అయ్యుంటాది."

డ్రైవర్లలో ఎవరో నవ్వారు. "గరిటెలోళ్ళకి కార్లు ఎందుకయ్యా!"

సాయిరాకు చెవులు వేడెక్కాయి. మూడేళ్ళుగా తండ్రి పేరుతో పోయిన ఆమె పనికి పదిమందిలో పడిన మొదటి మాట ఇది. గోడకు ఆనించిన అచ్చును తెచ్చి, అతని కాగితాన్నే దానిమీద పరిచింది. గీతకు గీత కలిసింది.

"కాగితం నీది. గీత నీది. కర్ర ఒక్కటే నాది," అంది. "అది వంగలా." తండ్రివైపు తిరిగింది. "పదండి అబ్బా, బస్సుకు టైమయింది."

నాలుగో రోజు పొద్దున్నే యూనుస్ ఉదయగిరిలో దిగాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బండిని దిమ్మెల మీదికెత్తి కొలత తీసినాను," అన్నాడు. "నిన్న మళ్ళీ ఎత్తి చూస్తే బానెట్ చక్కగా కూర్చున్నది. చక్రాల మీదికి దించితే కొరికింది. లారీ అట్ట వంగదు చాచా. నేను చేసిందంతా లారీలే. టాపు లేని బండికి నడుము మెత్తనని నాకు తెలీలా. తప్పు నాది."

"ఆ మాట ఇక్కడెందుకు?" అంది సాయిరా తలెత్తకుండానే. "ఎక్కడ నన్ను అన్నావో అక్కడ జెప్పు."

"చెప్పే వచ్చినాను. సార్ ముందరా, ఆ డ్రైవర్ల ముందరా. అందరూ నవ్వినారు."

సాయిరా అప్పుడు తలెత్తింది. ఉలి, ఆకురాయి గుడ్డలో చుట్టుకుని, తండ్రిని లేవదీసింది.

ఆత్మకూరు షెడ్డులో కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మనుషులెక్కితే ఇంకా వంగుతాదా?" అని అడిగింది.

ఆ ఆలోచన యూనుస్‌కు రాలేదు.

దాంతో జనార్దనయ్య స్టీరింగు ముందు, బర్కతుల్లా పక్కసీట్లో కూర్చోవలసి వచ్చింది. "కదలగూడదు," అని సాయిరా ఇద్దరికీ ఆర్డరేసింది. కదలని ఆ పెద్దలిద్దరూ మధ్యాహ్నానికి చక్కెర జబ్బు గురించీ, సాయంత్రానికి పిల్లల గురించీ మాట్లాడుకుంటున్నారు.

"చెక్క డబ్బాకు మూత కుదిర్చేటప్పుడు మేం ఇట్టనే చేస్తాం," అంటూ సాయిరా బానెట్ అంచుకు నూనెలో కలిపిన మసి పూసింది. మూసి, ఎత్తింది. "మడ్‌గార్డు మీద ఎక్కడ నల్లగా అంటిందో అక్కడే గీకు. గోరంత ఎక్కువ గీకినావా, చూసుకో."

"గీకితే?"

"ఈసారి చెక్కపేడు కాదు, దుంగే విసురుతాను."

ఆమె అచ్చును చెక్కి సవరించేది. అతను దానిమీద రేకు కొట్టి, సందున్నచోట అతికేవాడు. మళ్ళీ మసి, మళ్ళీ ఆకురాయి. మూడు రోజులు గడిచాయి. ఇద్దరి మొహాలూ మసే.

అతికినచోట ఎర్రరంగు వేసి, నెలాఖరున బానెట్ దించారు. 'టక్' మని ఒక్క చప్పుడు. చుట్టూ సందు దారమంత, అన్నివైపులా ఒకటే. డ్రైవర్లు వంగి వంగి వెతికినా అతుకు కనబడలేదు.

జనార్దనయ్య సీట్లోంచే చప్పట్లు కొట్టాడు. "యూనుస్, బానెట్ లోపల నీ పేరుతో ఇత్తడి బిళ్ళ కొట్టిస్తానయ్యా!"

"నా ఒక్కడి పేరు వద్దు, సార్," అన్నాడు యూనుస్. "సాయిరా పేరు కూడా ఉండాల. ఈ బండి మీదే కాదు... ఇంక నేను చేసే పని ఏదైనా, పక్కన ఆ పేరుంటే నాకు గర్వం. చాచా, మీరు ఒప్పుకుంటేనే."

సాయిరా మసి చేతులతోనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చేతులు కిందికి దించేసరికి ముక్కు నల్లగా ఉంది.

బర్కతుల్లా పక్కసీట్లోంచి దిగొచ్చి, బానెట్ పక్కన మెరుస్తున్న మడ్‌గార్డును చేత్తో తడిమాడు. ఆనని చూపు పట్టలేని అతుకును వేళ్ళు కూడా పట్టలేకపోయాయి.

"రెండు పేర్లు ఒక బిళ్ళ మీద ఎక్కాలంటే, ముందు రెండిళ్ళ పెద్దోళ్ళు ఒకచోట కూర్చోవాల," అన్నాడు. "శుక్రవారం జుమ్మా నమాజయినాక మీ అమ్మను పిలుచుకొనిరా." ఆపైన డ్రైవర్లవైపు తిరిగి, అందరికీ వినబడేట్టు అన్నాడు: "ఆ అచ్చులు చేసింది నేను కాదు. నా బిడ్డ."

సాయిరా మాత్రం జనార్దనయ్య దగ్గరకెళ్ళి అడిగింది.

"సార్, బిళ్ళ మీద ఎవరి పేరు ముందొస్తాది?"