సీసా మీద ఊదు

"ఇది ఊదు కాదండీ! ఎవర్ని మోసం చేద్దామని?"

రిపోర్టు టేబుల్ మీద పడేసింది అక్షర. ఉమాకాంత్‌కి కోపం రావాల్సింది పోయి, మాస్కు పైన ఆ కళ్ళెంత బాగున్నాయో అనిపించింది. కరోనాకి బట్ట నేసే సాంచాలు ఆగిపోయి సుగంధ నూనెల వ్యాపారంలో దిగితే, సూరత్ పక్కన సచిన్‌లోని ఈ ల్యాబులో మొదటి టెస్టుకే అక్షింతలు!

"ఊదే మేడం! మా అమ్మ రోజూ నిప్పుల మీద ఏస్తది. ఇల్లంత పొగ."

"నిప్పుల మీదా? అది సాంబ్రాణి కదా!"

"మీ దిక్కు సాంబ్రాణి, మా దిక్కు ఊదు."

"సూరత్‌లో ఊద్ అంటే అగరు అత్తరు! ఇందులో ఆల్ఫా థుజీన్ సగానికి పైనే ఉంది, మన దేశపు సాంబ్రాణి. అరబ్బు దేశాలదైతే ఆల్ఫా పైనీన్ ఎక్కువుండేది." ఫక్కున నవ్వేసింది. "సరుకు అసలుదే. సీసా మీద పేరే తప్పు."

"గిన్ని పరీక్షలెందుకు? జర వాసన చూస్తే తెలుస్తుండె గద!"

ఆమె నవ్వు ఆగిపోయింది.

"నాకు కరోనా తగ్గింది కానీ, వాసన తిరిగి రాలేదు. మా సేఠ్‌కి తెలీదు. ముక్కు పనిచేయని మనిషిని నూనెల ల్యాబులో ఎవరుంచుకుంటారు?"

ఉమాకాంత్ మనసు చివుక్కుమంది. రోజూ వాసన పీలిస్తే మెల్లగా రావచ్చని ఎక్కడో విన్నాడు. మర్నాటి నుంచి సాయంత్రాలు ల్యాబు గేటు దగ్గర ప్రత్యక్షం, చేతిలో చిటికెడు ఊదు.

"ఏమీ తెలీట్లేదండీ."

"రేపు సూద్దాం తియ్యిండ్రి."

రేపు కూడా ఆమెను చూడొచ్చని అతనికి లోపల్లోపల సంతోషమే. అలా వానాకాలం వచ్చేసింది.

ఓ సాయంత్రం జోరువాన. ఇద్దరూ గేటు పక్క రేకుల కింద ఇరుక్కున్నారు.

"ఇయ్యాల తేలేదు మేడం, మర్చిపోయిన."

అక్షర మాస్కు కిందికి లాగి, అతని భుజం వైపు వంగింది. "అబద్ధం. తెచ్చారు."

"లేదంటున్న గద! వానకు బట్టలు ఆరుతలేవని అమ్మ ఈ అంగీని పొగ మీద ఆరబెట్టింది, గంతే..."

ఆమె కళ్ళల్లో నీళ్ళు.

"వచ్చింది! ఉమాకాంత్, వాసన వచ్చింది!"

అతనికి పట్టరాని సంతోషం. అంతలోనే దిగులు. "అయితే ఇగ నేను రావుడు అక్కర్లేదా?"

"అక్కర్లేదు." ఆమె సిగ్గుగా నవ్వింది. "మీరంటే నాకిష్టం. రేపు నేనే మీ ఇంటికొస్తా. అమ్మగారు ఊదు వేసేది ఎన్నింటికి?"

సాంబ్రాణి అనలేదు, ఊదు అంది.