కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

పొయ్యి కట్టేసి చాలాసేపయినా, బస్సు తాత మళ్ళీ వంటింట్లోకి వచ్చి గ్యాస్ నాబ్ చూశాడు. చూసి, హాల్లోకి వెళ్ళి, కుర్చీలో కూర్చోబోయి, మళ్ళీ లేచి వచ్చి చూశాడు. రొట్టెముక్కలకు వెన్న రాస్తున్న భార్య తలెత్తకుండానే అంది.

"పాపం, దాన్ని కాసేపు వదిలేయండి. అన్నిసార్లు అలా చూస్తే దానికీ సిగ్గేస్తుంది."

పాత రోజులైతే ఆయన పకపకా నవ్వేవాడు. ఇప్పుడు "ఊ" అని ఊరుకున్నాడు.

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తు. బడి బస్సు తోలి తోలి జుట్టు నెరిసిన మనిషి కనుక వీధంతా ఆయన్ని బస్సు తాత అనే పిలుస్తుంది. వేసవికి ముందు ఒకరోజు బస్సులో ఒక పాప నిద్రపోయి ఉండగా చూసుకోకుండా తాళం వేసి వచ్చేశాడు. వాచ్‌మన్ సమయానికి తలుపు తీయించబట్టి పాప దక్కింది. మర్నాడే తాళాలు ఆఫీసు బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాడు. ఎవరూ పొమ్మనలేదు. హెడ్మిస్ట్రెస్ ఇప్పటికీ ఫోన్ చేసి, "ఎప్పుడొస్తారు తాతగారూ, కొత్త డ్రైవరు పిల్లల్ని ఒక్క జోకూ వేయకుండా తీసుకొస్తున్నాడు" అంటుంది. "ఒంట్లో బాగాలేదమ్మా" అని ఈయన పెట్టేస్తాడు.

ఒంట్లో బాగానే ఉంది. బాగాలేనిది మనసు. పొద్దున ఇంకా మెలకువ పూర్తిగా రాకముందే ఆ ఆలోచన తలగడ దగ్గరే కాచుకుని ఉండేది. నిన్ను నమ్మకూడదు. నీ చేతిలో ఏ పిల్లనీ పెట్టకూడదు. నీ ప్రార్థనకు విలువ లేదు. ఆయన పళ్ళు తోముకుంటున్నా, పేపరు చదువుతున్నా అదే మాట. ఎదురు చెప్పే ఓపిక కూడా ఆయనకు లేకుండా పోయింది.

తాత, భార్య, కూతురు ముగ్గురూ బల్ల దగ్గర చేరారు. కూతురి ఒళ్ళో మనవరాలు. చిన్నగా ఉండి ఎప్పుడూ కిచకిచమంటుందని దానికి పిచుక అని పేరు పెట్టింది తాతే. భార్య కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఒకప్పుడు ఈ పని ఆయనది. ఆయన మొదలుపెడితే ప్రపంచంలో ఉన్న రోగులందరూ, ప్రయాణికులందరూ అయ్యేసరికి టీ చల్లారిపోయేది. "దేవుడికి వినే ఓపికుంది గానీ టీకి లేదండీ" అని భార్య వేళాకోళం చేసేది. ఇప్పుడు ఆయన కళ్ళు తెరుచుకుని టీకప్పు వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. భార్య గమనించింది, అడగలేదు.

ఆమెన్ అయ్యాక పిచుక బల్ల మీదుగా తాత వైపు రెండు చేతులూ చాచింది. ఆయన చప్పున కళ్ళజోడు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అది ముక్కు మీదే ఉంది.

"నాన్నా," అంది కూతురు, "సోమవారం నుంచి నేను డ్యూటీలో చేరాలి. అమ్మకి లాండ్రీలో పని. మా ఆయన ఓడ దిగేసరికి ఇంకా చాలా టైముంది. పిచుకని పగలు నువ్వే చూసుకోవాలి."

"నావల్ల కాదమ్మా."

"పెద్ద పనేం లేదు నాన్నా. గంజి కలిపి పెట్టేసి వెళ్తా. తిని, ఆడుకుని, పడుకుంటుంది."

"నావల్ల కాదన్నానా!"

ఆ అరుపుకి పిచుక పెదవి విరిచి ఏడుపు అందుకుంది. కూతురు పిల్లని భుజాన వేసుకుని లేచింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఎంతమంది రోగులు విసుక్కున్నా నవ్వుతూ సర్దుకుపోయే మనిషి. కన్నతండ్రి విసురు మాత్రం తట్టుకోలేకపోయింది. గదిలోకి వెళ్ళి సంచి తీసి మంచం మీద పడేసి, పిల్ల బట్టలు అందులో కుక్కసాగింది.

భార్య గుమ్మం దగ్గర నిలబడింది. "ఏంటే ఇది?"

"ఆసుపత్రి పక్కన నా ఫ్రెండ్ ఉంటోంది కదమ్మా. వాళ్ళింట్లో ఉంటా. పక్కనే పిల్లల్ని చూసుకునే చోటుంది. తెలీనివాళ్ళయినా ఎత్తుకుంటారు." సంచిలోకి ఇంకో గౌను తోసింది. "పుట్టినప్పుడు కింద పెట్టేవాడు కాదు. ఇప్పుడు ముట్టుకోడు. నా పిల్ల ఏం చేసిందమ్మా?"

హాల్లో ఉన్న ఆయనకు ప్రతి మాటా వినబడింది. చూశావా, అంది లోపలి గొంతు. వెళ్ళనివ్వు. నీకు దూరంగా ఉంటేనే ఆ పిల్లకు క్షేమం. ఆయన ఆ మాట నమ్మాడు. కానీ సంచి జిప్పు లాగిన చప్పుడు వినబడగానే కాళ్ళు వాటంతటవే గది దాకా నడిచాయి.

"వెళ్ళకమ్మా. దాని తప్పేం లేదు. తప్పంతా నాదే."

"బస్సు సంగతేనా? ఆ పాప బాగానే ఉంది కదా నాన్నా! వాళ్ళమ్మ వచ్చి నీ చేతులు పట్టుకుని మరీ చెప్పింది కదా. ఇంకా ఎన్నాళ్ళు?"

"మీకు సగమే తెలుసు," అన్నాడాయన, మంచం అంచున కూలబడి. "మిగతా సగం నేనెవరికీ చెప్పలేదు."

ఇద్దరూ ఆయన వైపే చూశారు. పిచుక కూడా ఏడుపు ఆపింది.

"పిల్లలు దిగాక నేను చివరి సీటు దాకా నడుస్తాను, తెలుసుగా. ఎవరైనా ఉన్నారా, ఏమైనా మర్చిపోయారా అని చూడాలి. అది రూలు. దానికి నేనొకటి కలుపుకున్నాను. ఒక్కో సీటు మీద చెయ్యేసి, అందులో కూర్చునే పిల్ల కోసం ప్రార్థన చేసేవాణ్ణి. అల్లరివాడు, లెక్కల పంతులు, చీమిడిముక్కు... నేను ముద్దుపేర్లు పెట్టిన పిల్లలందరి కోసం. ఆ రోజు ఆ పాప, అదే మా నిద్రమొద్దు, కూర్చునే సీటు దగ్గరకొచ్చాను. చెయ్యేశాను. కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఈ బిడ్డని కాపాడు అన్నాను." ఆయన మంచం పక్కన నేల వైపు చూపించాడు. "ఆ బిడ్డ అక్కడే ఉందే! సీటు మీంచి జారి కింద ముడుచుకుని పడుకుంది. నా చెయ్యి కిందే! కళ్ళు తెరిచి వంగితే కనబడేది. నేను ఆమెన్ అనేసి తాళం వేసుకుని వచ్చేశాను. ఎండలో, మూసిన బస్సులో... నా ప్రార్థనే దాన్ని చంపేసేది. ఇంకే ముఖంతో ప్రార్థన చేస్తాను? ఏ చేతుల్తో దీన్ని ఎత్తుకుంటాను?"

అంత పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఇన్నాళ్ళూ ఇంత బరువు ఒక్కడే మోశాడా అనుకుంది.

"తప్పు మీదే," అంది నెమ్మదిగా. "కాదని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. చూడాల్సింది, చూడలేదు. తప్పయిందని బడికి చెప్పారు, ఆ తల్లికి చెప్పారు. దేవుడికి చెప్పారా?"

"అన్నానుగా, ఏ ముఖంతో చెప్పను..."

"ఉన్న ముఖంతోనే. కడుక్కుని రమ్మని ఆయన ఎవర్నీ అడగలేదు. ఇంకో మాట. ఆ వాచ్‌మన్ ఎప్పుడూ రేడియో ఊరంతా వినబడేలా పెట్టుకుంటాడని మీరే అంటారు. ఆ రోజు అద్దం మీద అంత చిన్న చెయ్యి కొడితే ఎలా వినబడింది?"

ఆయన తలెత్తి, గుర్తు చేసుకుంటూ అన్నాడు.

"అప్పుడే బ్యాటరీ అయిపోయిందట. విసుక్కుంటూ లేచి బయటికొచ్చాడట."

"మీరు కాపాడమని అడిగారు. అడిగి కళ్ళు మూసుకున్నారు. దేవుడు మూసుకోలేదండీ."

ఆ మాట ఆయన లోపలికి మెల్లగా దిగింది. లోపలి గొంతు ఏదో అనబోయింది. దాని మాట మొదటిసారిగా తేలిపోయింది.

కూతురు ముక్కు తుడుచుకుని ఎదురుగా నేలమీద కూర్చుంది. "నాన్నా, నేను రోగికి సూది గుచ్చే ప్రతిసారీ ప్రార్థన చేసుకుంటాను, తెలుసా?"

"తెలీదమ్మా."

"ప్రభువా, నరం దొరికేలా చెయ్యి, ఈయనకి నొప్పి తెలీకుండా చెయ్యి అని. అప్పుడు కళ్ళు మూసుకుంటాననుకున్నావా? మూసుకుంటే ఆ రోగి గతేంటి?"

ఆయన ఏడుస్తూనే ఫక్కున నవ్వాడు. భార్యకూ నవ్వొచ్చింది.

"కళ్ళు మూసుకోవాలని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే. నేను దిక్కులు చూస్తానని," అంది కూతురు. "పెద్దవాడివయ్యావు కదా నాన్నా, ఇప్పుడు తెరిచే చేసుకో."

అని, అడక్కుండానే పిచుకని ఆయన ఒళ్ళో పెట్టేసింది. ఆయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పిచుక ఆయన చొక్కా గుండీ పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఇక తప్పక, మెల్లగా, రెండు చేతులూ దాని చుట్టూ వేశాడు. పిల్ల వెచ్చగా ఉంది, కాస్త బరువెక్కింది కూడా.

"ప్రభువా," అన్నాడు పిచుక ముఖంలోకి చూస్తూ. "తప్పు చేశాను. క్షమించు. ఆ బిడ్డని నువ్వు చూసుకున్నావు. దీన్ని కూడా... నేను చూస్తాను. నాతోపాటు నువ్వూ చూడు." అంతే. ఆయన జీవితంలో అంత చిన్న ప్రార్థన ఇంకొకటి లేదు.

సంచిలోని బట్టలు మళ్ళీ అలమారలోకి చేరాయి.

సోమవారం పొద్దున భార్య లాండ్రీకి, కూతురు ఆసుపత్రికి వెళ్ళారు. తలుపు మూసుకోగానే ఆ పాత ఆలోచన రానే వచ్చింది. నీ చేతిలో పెట్టి వెళ్ళారే, ఎంత ధైర్యం! గ్యాస్ నాబ్ ఒకసారి చూశాడు. మళ్ళీ అడుగు అటు పడబోతే, ఆగి, "ప్రభువా, చూశాను. కట్టేసే ఉంది. నువ్వూ చూశావు" అని పైకే అని, పిచుక దగ్గరకు వచ్చేశాడు.

మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది.

"ఏం చేస్తోంది నాన్నా?"

"గంజి సగం తిని, సగం నాకు పూసి, పడుకుంది. సాయంత్రం హెడ్మిస్ట్రెస్‌కి ఫోన్ చేద్దామనుకుంటున్నానమ్మా. మా అల్లుడు ఓడ దిగొచ్చాక మా అమ్మాయికి నాతో పని ఉండదు, అప్పుడు బస్సెక్కుతానని చెప్తా."

"ఇప్పుడేం చేస్తున్నావు?" అంది కూతురు మెత్తగా.

"ఉయ్యాల పక్కనే కూర్చున్నా. ప్రార్థన చేసుకుంటున్నా."

"కళ్ళు?"

"తెరిచే ఉన్నాయమ్మా. నీళ్ళు నిండిపోయి పిచుకే సరిగ్గా కనబడట్లేదు."

"అయితే తుడుచుకుని చూడు నాన్నా."

ఆయన పిచుక తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, ఉయ్యాల మీదకు వంగి చూశాడు. పిల్ల హాయిగా నిద్రపోతోంది.