పేరు లేని పిలుపు

మా తమ్ముడి శవం ఊరికొచ్చి మూడు రోజులైంది. వాడు మాత్రం రాలేదు.

నామ్‌తోక్ అనే చివరి స్టేషన్ వెనక టేకు తోపులో గుండె ఆగి పోయాడు. శవాన్ని వ్యానులో తెచ్చి మా ఊరి మఠంలో పెట్టారు. కానీ పోయిన చోట అగరొత్తి వెలిగించి, 'ఇంటికి పోదాం పద' అని వాడి ఆత్మని పిలుచుకు రావడం ఎవరికీ తోచలేదు. ఈకాలం వాళ్లకి ఏ పనీ సరిగ్గా రాదు. ఆ పిలుపు ఇంటిపెద్ద నోటి నుంచే రావాలి. అంటే నేనే.

వాడి కూతురు సాయ్‌పిన్ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"పెదనాన్నా, నాన్న రోజూ కల్లోకొస్తున్నాడు. దారి తెలియట్లేదంటున్నాడు. రేపు సాయంత్రం దహనం. అది అయిపోతే ఇక అక్కడే ఉండిపోతాడు."

మా అమ్మ చితి చల్లారాక వచ్చినవాడు వాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, వాడితో మాట్లాడనని, వాడి పేరు నా నోట రాదని. ఇరవై రెండేళ్లు రానివ్వలేదు కూడా. అయినా బయల్దేరాను. రక్తం కదా.

తెల్లవారుజామున వ్యానులో వెళ్లాం. తోపులో మూడు అగరొత్తులు వెలిగించి, "లే. ఇంటికి పోదాం" అన్నాను. వాడి గళ్ల తుండు సాయ్‌పిన్ ఒళ్లో పెట్టుకుంది. తిరుగు దారి రైల్లో, ఒంటిగంట బండికి.

చచ్చినవాళ్లు తమంతట తాము నీళ్లు దాటలేరు. ప్రతి వంతెన దగ్గరా చెప్పాలి. మొదటి కల్వర్టు రాగానే అన్నాను.

"వంతెనొచ్చింది. దాటి రా."

"పేరు పెట్టి పిలవండి పెదనాన్నా."

"నా గొంతు వాడికి తెలుసులే."

కోడిమాంసం, జిగురన్నం అమ్మే ఆవిడ బుట్ట దించి మా ఎదురు బెంచీ మీద కూర్చుంది. నా చేతిలో అగరొత్తులు చూసింది.

"ఎవర్ని తీసుకెళ్తున్నావు తాతా?"

"మా ఇంటివాణ్ణి."

"అయితే పేరుతో పిలువు. పెద్ద యుద్ధంలో ఈ పట్టాలు వేస్తూ ఎంతమంది పోయారో నీకు తెలీదా? యుద్ధ ఖైదీలు, మలయా తోటల నుంచి పెళ్లాం పిల్లల్తో సహా తోలుకొచ్చిన కూలీలు. గోనెసంచులు కట్టుకుని, కాళ్లు పుండ్లు పడి పోయారు. వాళ్లని ఇంటికి రమ్మన్నవాడు ఒక్కడూ లేడు."

"నాకు నేర్పేంత పెద్దదానివా నువ్వు?"

ఆవిడ బుట్ట ఎత్తుకుని పక్క పెట్టెలోకి పోయింది.

తర్వాత వాంగ్‌ఫో కొయ్య వంతెన. ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద నది. బండి నడక కన్నా మెల్లగా పాకుతోంది. కొండ నీడ పెట్టెలో పడింది. అంతవరకూ కిటికీల్లో ఫొటోలు తీసుకుంటున్న కుర్రాళ్లు ఎందుకో లేచి తలుపు దగ్గరికి జరిగారు. కింద దుంగలు కిర్రుమంటున్నాయి. నానిన గోనెసంచుల వాసన... దాని అడుగున మురిగిన పుండు వాసన.

"వంతెనొచ్చింది. దాటి రా," అన్నాను.

ఎదురు బెంచీ కిర్రుమంది. దాని వెనకది. ఆ వెనకది... అన్నీ ఖాళీ బెంచీలే.

"పెదనాన్నా... నా పక్కన ఎవరో కూర్చున్నారు."

"మీ నాన్నే."

"నాన్న ఇంత సన్నగా ఉండడు."

సాయ్‌పిన్ కిటికీలోంచి వెనక్కి చూస్తోంది. పెదవులు తెల్లబడ్డాయి.

"అదిగో నాన్న. పట్టాల పక్కన నిలబడ్డాడు. ఎక్కడానికి చోటు లేదంటున్నాడు."

ఒట్టు పోయింది. పరువు పోయింది. కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాను.

"సమ్రిత్... ఒరే సమ్రిత్, నాయనా, రారా."

"వస్తున్నా."

మెల్లగా, ఎదురు బెంచీ మీంచి.

"వస్తున్నా..." వెనక నుంచి. పెట్టె చివర నుంచి. నా చెవి పక్క నుంచి.

అందరూ పలికారు. నేను కళ్లు మూసుకుని విన్నాను. అందులో ఒకటి మా తమ్ముడిదై ఉండాలి. మళ్లీ పిలిచాను. కాంచనబురి ఇనప వంతెన మీద పిలిచాను. గొంతు బొంగురుపోయేదాకా ప్రతి కాలవ దగ్గరా పిలిచాను. పిలిచినప్పుడల్లా అంతమందీ పలికారు.

ఇరవై రెండేళ్లు వినని గొంతు. ఏది వాడిదో నాకు తెలియలేదు.

మా ఊరు నకోన్ పథోమ్‌లో పెద్ద స్తూపం మీద ఎండ వాలుతుండగా దిగాం. నేనూ సాయ్‌పిన్ దిగాక కూడా బండి మెట్లు చాలాసేపు కిర్రుమంటూనే ఉన్నాయి.

దహనం అయిపోయింది. సాయ్‌పిన్ నాతో మాట్లాడదు. వాళ్ల నాన్న ఇంకా ఆ పట్టాల పక్కనే ఉన్నాడని మా ఆవిడతో చెప్పిందట.

మా ఆవిడ ఇప్పుడు పొద్దున్నే మా ఇద్దరికీ ఐదు శేర్ల బియ్యం వండుతోంది. ఎందుకని నేను అడగను. నిన్న కుండ మూత నేనే తీశాను. అన్నం నిండా వేళ్లు పెట్టి లాగిన గుంటలు, అన్ని వైపుల నుంచీ.

అంచు దగ్గరవి మరీ చిన్న వేళ్లు.